తిట్టని మేనేజరు

బీరువా ట్రాలీ మీంచి జారి నేలకు కొట్టుకుంది. తడి ఆరని పెయింటు మీద జానెడు సొట్ట పడింది. సెక్షన్‌లో అందరూ పని ఆపి ట్రాలీ తోస్తున్న యాదన్న వైపు చూశారు. ఆ తర్వాత, అతని వైపే వస్తున్న మేనేజరు వెంకటరామయ్య వైపు చూశారు.

వెంకటరామయ్య తిడితే పక్క ఫ్యాక్టరీ వాళ్ళకు కూడా వినపడుతుందని పటాన్‌చెరులో పేరు. యాదన్న తల వంచుకుని నిలబడ్డాడు.

వెంకటరామయ్య సొట్టను చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. నిదానంగా ఊపిరి పీల్చి వదిలాడు.

"నీకు దెబ్బ తగల్లేదు కదా, యాదన్నా?" అని అడిగి వెళ్ళిపోయాడు.

తిట్లు వెనకొస్తాయేమోనని యాదన్న తల ఎత్తకుండా అక్కడే నిలబడ్డాడు.

చాయ్ దగ్గర అందరిదీ అదే మాట. "పేరు వెట్టి పిలిచిండు," అన్నాడు యాదన్న. "ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పిలిచిండా?"

"మంగళారం మంగళారం హైద్రాబాద్ నుంచి ఒక మేడం వస్తది గద," అన్నాడు వెల్డర్ ఓదెలు. "మేనేజర్లందరిని రూంల కూసోవెట్టి తలుపేస్తది. నేను అద్దంలకెళ్లి సూసిన. ఒక్కలు మాట్లాడరు. అందరు కండ్లు మూసుకొని కూసుంటరు."

"ఎందుకట?"

"కోపం తగ్గేటందుకట. మనసు నిలిపి ఊపిరిని సూసుకోవాల్నట. ఆఫీసోళ్లు చెప్పిండ్రు."

"సార్ల కోపం తగ్గుడుకు కంపెనీ పైసలు వెడ్తదా?" ప్యాకింగ్‌లో పనిచేసే మొగులమ్మ గ్లాసు కింద పెట్టింది. "మా మరిది ఫ్యాక్టరీల గూడ గిట్లనే అయింది. మేనేజరు ఉన్నట్టుండి మంచిగ మాట్లాడవట్టిండు. పిల్లలెట్లున్నరని అడిగిండు. వారం తిరగలే, అందరిని ఇంటికి తోలిండ్రు."

ఆ చాయ్ ఎవరూ పూర్తిగా తాగలేదు. మెషిన్లు మళ్ళీ ఆన్ చెయ్యలేదు. అందరూ కలిసి మేనేజరు గది ముందుకు వెళ్ళారు.

వెంకటరామయ్య బయటికొచ్చాడు. ఆ రోజు మంగళవారమే. వెనక గదిలో మేడం కూర్చుని ఉంది.

"ఫ్యాక్టరీ మూస్తుండ్రా సార్?" అడిగాడు ఓదెలు.

ఆయన మళ్ళీ ఊపిరి పీల్చి వదిలాడు. "మీ భయం నాకర్థమైంది. కూర్చుని మాట్లాడుకుందాం."

"సూసిండ్రా," ఓదెలు వెనక్కి తిరిగాడు. "కూసొని మాట్లాడుదమంటుండు. అయిపోయింది ఇగ."

మొగులమ్మ ముందుకొచ్చింది. "నిజం చెప్పుండ్రి సార్. పోరగాళ్ల ఫీజులు కట్టాలె. గిప్పుడే చెప్తే ఇంకో తాన పని సూసుకుంటం."

వెంకటరామయ్య ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. అంతలోనే తలుపు మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"ఎవడ్రా మూసేది? సొట్టలు పెట్టింది చాలక సమ్మె కూడానా? సాయంత్రానికి లోడు లారీ ఎక్కకపోతే ఒక్కొక్కడి తోలు వలుస్తాను. పొండెహె, దున్నపోతుల్లారా!"

షెడ్డు రేకులు అదిరాయి. యాదన్న ముఖంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

"మన పాత సారే," అన్నాడు పక్కవాళ్ళతో.

ఒకరినొకరు తోసుకుంటూ, ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మొగులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి మెషిన్ల మోత మొదలైంది.

వెంకటరామయ్య లోపలికొచ్చి తలుపు వేసి కుర్చీలో కూలబడ్డాడు.

"పర్లేదండీ," అంది మేడం. "కోపం ఒక్కసారిగా పోదు. అది వస్తున్నప్పుడు గమనించారా?"

"కోపం రాలేదండీ," అన్నాడాయన, ముఖం చేతుల్లో దాచుకుని. "తిడితే తప్ప మూయట్లేదని నమ్మరని తిట్టాను. రేపు పొద్దున్నుంచి వీళ్ళనెవర్నీ గేటు లోపలికి రానివ్వొద్దని పైనుంచి ఆర్డరు."