పెన్సిలుతో రాసిన ఊపిరి

"మూడో పాదం మధ్యలో ఆగావేంటి?" కాలేజీ వార్షికోత్సవం రిహార్సల్లో సంగీతం టీచరు విసుక్కుంది.

"పాట కాగితం మీద ఇక్కడ పెన్సిలుతో 'ఊపిరి' అని రాసుంది మేడమ్," అంది కొత్త పిల్ల.

టీచరు కాగితం లాక్కుని చూసింది. నిరుడు చనిపోయిన శిష్యురాలి దస్తూరీ. గుక్క తిప్పుకోకుండా పాడలేవా, బద్ధకమా అని అప్పట్లో ఆ అమ్మాయిని అందరి ముందూ కడిగేసింది తనే. ఏదో చెప్పబోతే నోరు మూయించింది కూడా. గుండె జబ్బని పోయాకే తెలిసింది.

"చెరిపేయనా మేడమ్?"

"వద్దు. అక్కడ ఆగే పాడు."

పిల్ల మళ్లీ ఎత్తుకుంది. అక్కడికొచ్చి ఆగింది. ఖాళీ హాల్లో నిండుగా తీసుకున్న ఊపిరి వినిపించింది.

"అదీ, అలా తీసుకోవాలి," అంది టీచరు కళ్లు మూసుకుని.

"నేనింకా తీసుకోలేదు మేడమ్."