కొట్టివేత లేని కాగితం

"మళ్లీ అదే మాట సార్," అన్నాడు టోని. "డిస్కు నేదంటాది."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఐదు రోజులుగా అవే. అచ్యుతరావు మంకీ క్యాప్‌ను చెవుల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

తెల్లవారితే ధనుర్మాసం. రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ కోవెలలో నెల రోజులూ పొద్దున్నే మూడువందల ఇళ్ల గోత్రనామాలు చదవాలి. ఆ పేర్లన్నీ ఈ పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. 1993లో రైల్వే ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు కూర్చుని అచ్యుతరావే ఆ ప్రోగ్రాం రాశాడు. భార్య లలితాంబ రిజిస్టరు చూసి చదివితే ఆయన ఒక్కొక్క పేరూ కొట్టాడు. అప్పటి నుంచీ ఒక ఇంటికి కోడలొస్తే ఒక పేరు చేరుతుంది. మనిషి పోతే ఒక పేరు తగ్గుతుంది. తీసేసిన చోట ఖాళీ ఉండదు, కింది పేరు పైకి జరుగుతుంది. ముప్పై ఏళ్లలో పూజారి చేతికి వెళ్లిన ఏ కాగితం మీదా ఒక్క కొట్టివేత లేదు.

వారం కిందట ఆన్ చేస్తే హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. అచ్యుతరావు కంప్యూటర్‌ను కోవెల ఆఫీసులోంచి మోయించి, ఎదురుగా ఉన్న తన ఇంటి వరండాలో పెట్టించుకున్నాడు. ఇక్కడైతే వెలుతురు బాగుంటుందన్నాడు.

టోనికి పూరీ గేట్ దగ్గర టీవీలు బాగుచేసే షాపుంది. ఆ డిస్కును బతిమాలి ఒక్కసారి తిప్పి, అందులో ఉన్నదంతా మెమరీ కార్డులోకి దించాడు. ఆ కార్డును అరచేతంత బోర్డులో గుచ్చాడు. స్కజీ ఎమ్యులేటర్ అంటారు దాన్ని. లోపలి తీగకు తగిలిస్తే, పాత డిస్కును నేనే అని కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. కంప్యూటరే నమ్మడం లేదు.

"లేనిదాన్ని ఉన్నాదని సెప్పడమే దీని పని సార్. ఆ ఒక్కటీ సెయ్యనేకపోతంది."

అచ్యుతరావు బోర్డు తీగను ఊడదీసి మళ్లీ తగిలించాడు.

"నా లాప్‌టాప్‌లో తెరిసినాను. మీ తెలుగు పిచ్చిగీతల్లాగ అవుపడతంది. పోనీ, కొత్తగా కొట్టించీవచ్చు గదా?"

"సాయంత్రం లోపల మూడువందల ఇళ్లా?"

గేటు బయట పూజారి శ్రీరామాచార్యులు వచ్చి నిలబడ్డాడు.

"మడితో ఉన్నాను, లోపలికి రాను. అచ్యుతరావు గారూ, కార్తీకం నాటి కాగితం నా దగ్గరుంది. అదే చదివేస్తాను. మార్పు ఉన్నచోట పెన్నుతో కొట్టేస్తాను. ఈ సమయంలో మీకెందుకండీ ఈ యాతన?"

"పెన్ను పెట్టకండి స్వామీ. ఆరింటికల్లా కొత్త కాగితం పంపిస్తాను."

ఆచార్యులు కాసేపు ఆయన వంకే చూసి వెళ్లిపోయాడు.

"మీ దేవుడికి ఇన్నేళ్లయినా మీ పేర్లు కంఠతా రానేదా సార్?" అన్నాడు టోని.

"వచ్చే ఉంటాయి. అయినా మనచేత రోజూ ఎందుకు చదివించుకుంటాడో నాకూ తెలీదు."

"ఇంతకీ మార్పులెన్ని?"

"ఒక్కటి."

"ఒక్కదానికి ఐదు రోజులు నా షాపు మూయించినారు."

పక్కింటి సింహాచలమ్మ కంచంలో అన్నం పట్టుకొచ్చింది. "బాబూ, పొద్దున్నుంచి ఏటీ తిననేదు. సల్లారిపోతంది, తినీండి."

"అక్కడ పెట్టండమ్మా."

"నిన్నా ఇదే అన్నారు. కంచం అలాగే తిరిగొచ్చీసినాది."

"నాకిచ్చీండి పిన్నీ," అన్నాడు టోని. "నా దగ్గర్నుంచి కడిగినట్టు వస్తాది."

అతను తింటూనే బల్ల మీది పాత డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. తినడం ఆపాడు.

"సార్. దీనికి టెర్మినేటర్ ఉంది. మన బోర్డుకి నేను పెట్టనేదు."

"అంటే?"

"తీగ ఇక్కడితో అయిపోనాదని సివర్న సెప్పాల సార్. సెప్పకపోతే మనం పంపిన మాట సివరిదాకా ఎళ్లి, ఎనక్కి తిరిగొచ్చీసి, కొత్త మాటకి అడ్డం పడతాది. ఇంక ఏ పనీ సాగదు."

"చెబితే?"

"అక్కడితో ఆగిపోతాది. మిగతాది నడుస్తాది."

అచ్యుతరావు ఆ తీగ చివర చూస్తూ కూర్చున్నాడు. కోవెలలో సాయంత్రం గంట మోగింది. ఆయన కూర్చున్నచోటు నుంచే చేతులు జోడించాడు.

"పెట్టు," అన్నాడు.

టోని చెయ్యి కడుక్కుని వచ్చి తీగ అక్కడితో ఆఖరని చెప్పే చిన్న జంపరు పిన్నును బోర్డు మీద గుచ్చాడు. స్విచ్ వేశాడు. ఈసారి తెర మీద ఒక వరుస కొత్తగా వచ్చింది. డిస్కు ఉందట. పాతరోజుల్లోలా గరగరలేవీ లేవు. ఏ చప్పుడూ లేకుండా, ముప్పై ఏళ్ల నాటి తెలుగు అక్షరాలు ఒకటొకటిగా తేలాయి.

"వచ్చీసినాది," అన్నాడు టోని నెమ్మదిగా. కుర్చీలో కూలబడి, మళ్లీ లేచాడు. "ప్రింటర్‌కి కాగితం ఎక్కించండి. నేనెళ్లి టీకొట్టు దాదాకి రెండు టీలు సెప్పొస్తాను."

వరండాలో అచ్యుతరావు ఒక్కడే మిగిలాడు. ఐదున్నర దాటింది. ఆయన కిందికి బాణం గుర్తున్న మీట నొక్కుతూ పోయాడు. గోత్రాలు, పేర్లు, ఇల్లు తర్వాత ఇల్లు పైకి వెళ్తున్నాయి. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. చాలాసేపటికి ఇంకో మీట మీదికి వెళ్లింది.

"తీసేయమంటారా?" అని అడిగింది తెర. పొరపాటున ఎవరి పేరూ పోకూడదని, ఆ ప్రశ్న ఆనాడు లలితాంబ పట్టుబట్టి రాయించినదే.

అచ్యుతరావు 'అవును' నొక్కాడు. పదిహేడు రోజుల కిందట పోయిన లలితాంబ పేరు, మీద ఏ గీతా పడకుండా, ఆయన పేరు కింది నుంచి తప్పుకుంది.