పదకొండో లైను

"తప్పు పదకొండో లైన్లో ఉంది," అందావిడ.

టీమ్ లీడర్ ఉలిక్కిపడ్డాడు. తెర మీద కోడ్ పెట్టి పది సెకన్లు కాలేదు. పొద్దుట్నుంచీ ఇంటర్వ్యూకి వచ్చిన ఆరుగురూ బుర్ర గోక్కుని వెళ్ళిపోయారు.

ఈవిడకేమో యాభై దాటాయి. బయోడేటాలో చివరి పన్నెండేళ్ళు ఖాళీ.

"ఎవరైనా ముందే చెప్పారా?"

"లేదు బాబూ. నేను చేసిన తప్పే."

అతను నవ్వబోయాడు. ఫోన్ మోగింది. కంపెనీ యజమాని, అక్క మొగుడు.

"ఏరా, అనుమతి దొరికిందా?"

"చూస్తున్నా బావా."

"ఐదింటికల్లా లేకపోతే మన సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఆ కోడ్ నువ్వే రాశావని ఊరంతా డప్పు కొట్టాను కదరా!"

తెర మీదున్నది ఆ కోడే. మూడేళ్ళ క్రితం నెట్లో దొరికింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే మాత్రం దాని కోడంతా బయటపెట్టాలి, లేదా రాసినవారి దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. ఆ షరతున్న నాలుగు లైన్లూ అతనే చెరిపేశాడు. నిన్న కొనేవాళ్ళు పట్టేశారు. కోడంతా బయటపెడితే కొనడానికేం మిగలదు. ఇంటర్వ్యూలు ఆపితే సంగతి పొక్కుతుందని బావ వాటినీ ఆపనివ్వలేదు.

"దీని పైన నాలుగు లైన్లుండాలి కదా," అందావిడ. "ఏమయ్యాయి?"

అతను గబుక్కున తెర ఆపేశాడు. ఈవిడ కూడానా!

"అవి మీకెందుకు?"

"ఎందుకంటే బాబూ..."

"చూడండమ్మా, పన్నెండేళ్ళు ఇంట్లో కూర్చుని వచ్చి మాకు పాఠాలు చెప్పకండి. మీరు సరిపోరు."

"కూర్చోలేదు. మంచం పట్టిన అమ్మని చూసుకుంటూ, పక్కనే ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను."

"వంటలా?"

ఆవిడ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్క మాట చెబుదామని..."

"వెళ్ళిరండి."

తలుపు మూసుకుంది. నాలుగూ నలభై.

నాలుగూ యాభైకి కంపెనీ లాయరు ఫోన్ చేశాడు.

"రాసినవాళ్ళు దొరికారయ్యా! తూనీగ అట, మారుపేరు. అసలు పేరు తెలీదు గానీ నంబరు సంపాదించాను. చాలా మంచి మనిషట, అడిగినవాళ్ళని కాదనరట. కాస్త మర్యాదగా మాట్లాడు, చాలు."

అతను టేబుల్ మీది ఫోన్ లాక్కున్నాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. అద్దాల గోడ అవతల నిలబడి బావ చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు.

రెండో రింగుకే ఎత్తారు.

"నమస్కారమండీ! తూనీగ గారేనా? మీ కోడ్ విషయమై... పెద్ద మనసు చేసుకోవాలి. మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి పరిగెత్తుకొస్తాను!"

అవతల ఏదో హారన్ మోత.

"తూనీగనే బాబూ," అంది గొంతు, నెమ్మదిగా. "ఇప్పుడే మీ ఆఫీసు మెట్లు దిగి బస్సెక్కాను."