నల్లబడిన పేజీ

పర్ణశాల దగ్గరి ఊళ్లో టీచరుగా పనిచేసే దీపిక, అడవిని నమ్ముకొని బతికే ముసలివాళ్ల కబుర్లు తన బ్లాగులో రాస్తుంటుంది. ఆ రాత్రి కిరాయి గదిలో ఒంటరిగా కూర్చొని ఒక్కో రకం పేజీకి ఒక్కో రంగు పెట్టింది. మొదటి పేజీకి ఆకుపచ్చ, బతికున్నవాళ్ల పేజీలకు తెలుపు, పోయినవాళ్ల పేజీలకు నలుపు.

అన్నీ సరిచూస్తుంటే గంగక్క పేజీ నల్లగా కనిపించింది. మొన్ననే ఇప్పపువ్వు ఏరుతున్న గంగక్కను దీపిక ఫొటో తీసింది. పొరపాటున మార్చానేమో అనుకొని తెలుపు పెట్టింది. చూస్తుండగానే అది మళ్లీ నల్లబడింది.

బయట కీచురాళ్ల రొద ఒక్కసారిగా ఆగిపోయింది. దీపిక గంగక్క కొడుకు గోపాలుకు ఫోన్ చేసింది.

"గోపాలన్నా, అమ్మ ఏం చేస్తుంది?"

"పడుకుంది టీచరమ్మా. ఏంది, గింత రాత్రి?"

"ఒక్కసారి లేపవా?"

అతని అడుగుల చప్పుడు వినిపించింది. "అమ్మా" అని పిలిచాడు. కాసేపాగి ఇంకా గట్టిగా పిలిచాడు.

"టీచరమ్మా, అమ్మ లేస్తలేదు. ఒళ్లు చల్లగుంది."

దీపిక పేజీకి మళ్లీ తెలుపు పెట్టింది. ఫోన్‌లో ఎవరో గట్టిగా దగ్గారు.

"లేచింది! నీళ్లడుగుతుంది!" గోపాలు ఏడుస్తూనే నవ్వాడు.

కంప్యూటర్ తెర అంచుల నుంచి నలుపు మళ్లీ పాకసాగింది. దీపిక తెలుపు నొక్కింది. మళ్లీ నొక్కింది. తెల్లారడానికి ఇంకా ఐదు గంటలున్నాయి.

కరెంటు పోబోతున్నట్టు గదిలో బల్బు ఒకసారి రెపరెపలాడింది.