పిల్లలు లేని ఓడ

ఓడలోని ఈతకొలను పక్కన కాళ్లు బారజాపుకుని పడుకున్న డ్రిల్లు మాస్టారి మొహం మీద, పిల్లలు కొలనులోకి దూకేసరికి నీళ్లు చిల్లున పడ్డాయి.

"ఇంత ఖరీదైన ఓడలోకి పిల్లల్ని ఎవరు రానిచ్చారే? రిటైరైనా నాకీ గోల తప్పలేదు!" అని భార్య మీద చిందులు తొక్కారు.

"పిల్లల్ని రానివ్వని ఓడ కూడా ఉందండీ."

"మరి దానికి టిక్కెట్లు తియ్యలేకపోయావా?"

ఆవిడ నోరు తెరిచేలోగా పిల్లలంతా తడి నేల మీద పరుగందుకున్నారు. ముందున్న పిల్ల కాలు జారబోయింది.

"ఆగండి!"

మాస్టారి గొంతు ఖంగుమంది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు.

"పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. చేతులు చాపి ఎడం చూసుకోండి. ఊఁ, నడవండి!"

కొలను చుట్టూ కవాతు పూర్తయ్యేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"తాతగారూ, రేపెప్పుడు?" అంది కాలు జారబోయిన పిల్ల.

"పొద్దున్నే. ఆలస్యమైతే ఊరుకోను!"

వచ్చి కూలబడ్డాక ఆయనకి గుర్తొచ్చింది. "అవునూ, ఆ ఓడకెందుకు తియ్యలేదు?"

"తీశానండీ. తర్వాత భయమేసి మార్చేశాను."

"భయమా? దేనికి?"

"పిల్లలు లేకపోతే ఆ డ్రిల్లంతా నా చేత చేయిస్తారని!" అంటూ ఆవిడ చేతిసంచిలోంచి ఆయన పాత విజిలు తీసి అందించింది.