నాలుగు చక్రాలూ లాగే బండి

స్టీరింగు ఉన్న కార్లను నిషేధించి అప్పటికి ఆరేళ్లయింది. పాడేరు కొండల్లో నర్సు వంతల చిలకమ్మ మాత్రం తన పాత కారును వదల్లేదు. ఆ వానరోజు, పురిటినొప్పులు పడుతున్న రత్నాలు కోసం వచ్చిన డ్రైవరులేని అంబులెన్సు బురద చూసి, "ఈ మార్గం సురక్షితం కాదు" అని చెప్పి వెనక్కి తిరిగిపోయింది. చిలకమ్మ ఆ పిల్లను తన కారులోనే పడుకోబెట్టింది. కారును జప్తు చేయడానికి వచ్చిన అధికారి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది నడిపితే జైలే సిస్టర్."

"జైలుకి రేపొస్తాను బాబూ. ముందు ఈ పిల్లని ఆస్పత్రిలో దింపనీ. తప్పుకో."

అతను తప్పుకున్నాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే బురదను పట్టుకున్నాయి. కారు మూలుగుతూ, ఊగుతూ ఏటవాలంతా ఎక్కేసింది. రత్నాలుకు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు చిలకమ్మ స్టేషనుకు వెళ్లింది. ఆ కారే నడుపుకుంటూ వెళ్లింది.