జంపఖానాల మూట

"అమ్మా, జంపఖానాలు తెచ్చిన."

ఆపరేషన్ గది గుమ్మంలో ఓ ముసలాయన. భుజం మీద ఆయన కంటే పెద్ద మూట.

పశువుల డాక్టర్ హారిక తలెత్తి చూడలేదు. వరంగల్ పెళ్లిళ్లలో బారాత్‌కు తిరిగే గుర్రం షేరుకు పేగు మెలిపడింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కదు.

"ఇప్పుడేం కొనం పెద్దాయనా."

"కొనుమంటలేనమ్మా. గుర్రం కింద జర మందంగ..."

"రబ్బరు షీటున్నది. మీరు బయటికి పోండి."

గిరాకీ ఉందంటే కొత్తవాడ నేతగాళ్ల మూట కోర్టు మెట్లు కూడా ఎక్కుతుంది. ఊళ్లో అందరికీ తెలిసిందే. హారిక కూడా అంతే అనుకుంది.

షేరు యజమాని సుదర్శన్ ఆయన్ని గేటు దాకా తోలుకుపోయాడు.

"నా గుర్రం పానం మీదున్నది. నీ బేరానికి ఇదా టైము?"

ముసలాయన మూట గేటు పక్కన దించి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

రెండున్నర గంటల ఆపరేషన్ చక్కగా జరిగింది. పేగు సరైంది. కుట్లు పడ్డాయి. మత్తు దిగింది.

షేరు మాత్రం లేవలేదు.

ముందు కాళ్లు ఊని మూడుసార్లు ప్రయత్నించింది. వెనక తొడ రాయిలా బిగుసుకుపోయింది. సాయంత్రానికి ఊపిరి ఆగింది. సుదర్శన్ దాని మెడ పట్టుకుని ఏడ్చాడు.

హారిక తన గురువు రాజేశ్వర్ రావుకు ఫోన్ చేసింది.

"ఆపరేషన్ మంచిగనే అయింది సార్. మరెందుకు పోయింది?"

"కింద ఏమేసినవ్?"

"రబ్బరు షీటు."

"అది చాలదమ్మా. అంత బరువు కింద కండ నలిగి నెత్తురు ఆగుతది. లేపేటప్పుడు ఒక్కసారే పారుతది. అప్పుడు పానం పోసే ఆక్సిజనే కండను కాలుస్తది. మార్కండేయులు రాలేదా?"

"ఆయనెవరు సార్?"

"కొత్తవాడ మనిషి. ఏ గుర్రానికి ఆపరేషనన్నా జంపఖానాలు మోసుకొస్తడు."

హారిక ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గేటు దాకా నడిచింది. మూట విప్పింది.

ఆరు మందపాటి జంపఖానాలు. అన్నీ పాతవే. నేత సందుల్లో నల్లవి, ఎర్రవి, తెల్లవి గుర్రపు వెంట్రుకలు.

"అమ్ముకునేటాయన అనుకున్న సార్."

"గుర్రాల కోసం నేసినయి ఆయన ఒక్కటి కూడ అమ్మలే," అన్నాడు రాజేశ్వర్ రావు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఇరవై ఏండ్ల కింద నేను ఉత్త టేబుల్ మీద పడుకోబెడితే, మళ్ల లేవని గుర్రం ఆయనదే."